ఇష్టకామేశ్వరికి జీపు దారి

తెలుగువారిలో శ్రీశైలం చూడని కుటుంబాలు బహు తక్కువ. మల్లన్న దర్శనం, భ్రమరాంబ గుడి, పాతాళగంగ, సాక్షి గణపతి, శిఖరేశ్వరం - యీ అయిదూ అయిపోతే యాత్ర ముగిసిందనుకొని తిరుగు బస్సు యెక్కుతాము. ఆ బస్సు డోర్నాల వైపు పోతూండగా కిటికీలో నుంచి చూస్తే రెండు వైపులా అడవి తప్ప మరేమీ కనిపించదు. ఆ అడవిలోకే, తారురోడ్డును విడిచి, ఒక బాట దిగిపోతుంది. శ్రీశైలం నుంచి మొత్తం దూరం సుమారు 20 కిలోమీటర్లు. బాట చివర ఇష్టకామేశ్వరీదేవి వున్నది. అక్కడికి బస్సు పోదు, కారు పోదు. నాలుగు చక్రాలకూ యింజను బలం అందే జీపు ఒక్కటే పోతుంది.

అమ్మవారి మహిమ గురించి వ్రాసినవారు లోగడ చాలామంది వున్నారు. నేను వ్రాయబోయేది ముఖ్యంగా ఆ బాట సంగతి.

మమ్మల్ని ఆ బాట పట్టించినది మా పెద్దమ్మ. ఆమెకు 72 యేళ్ళు. అమ్మవారిది రాతి విగ్రహమే అయినా, నుదుట బొట్టు పెడితే మనిషి నుదురులాగా మెత్తగా తగులుతుందని యెవరో చెప్పగా విన్నది. అది మొదలు ఒకటే పట్టు.

"కాశీ అడిగానా? రామేశ్వరం అడిగానా? యిక్కడికిక్కడ అడవిలో వున్న తల్లిని చూపించరా అన్నాను. అదీ చేతకాదా?" అన్నది.

కాలేజీలో పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న వాడినైనా మా పెద్దమ్మకు నేను "ఒరేయ్"నే. మాఘమాసంలో, కాలేజీకి నాలుగు రోజులు శలవులు కలిసివస్తే, నేనూ, నా భార్యా, యింటరు చదివే మా అబ్బాయీ ఆమెను వెంటబెట్టుకొని బయలుదేరాము.

యిటువంటి దారులు లోకంలో యింకా వున్నాయి. కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండలలో, జార్జ్‌టౌన్ నుంచి టాహో సరస్సు వైపు పోయే రూబికాన్ బాట వున్నది. పొడవు సుమారు 22 మైళ్ళు. అక్కడ 1953లో మొదలైన జీపుల తిరునాళ్ళ చాలా ప్రసిద్ధమైనది. ఆ బాట పేరునే తరువాత ఒక రకం జీపుకు పెట్టారు. బండరాళ్ళ మీద బండిని యెక్కించి దించడం వారికి వినోదం. బండి సత్తా యెంతో, తోలేవాడి సత్తా యెంతో తేల్చుకొనడానికి పోతారు కాని, చివర యేమి వున్నదని కాదు. మనకు మాత్రం చివర ఒక దేవత వుండాలి. లేకపోతే అంత కుదుపు యెవరు భరిస్తారు?

నిజానికి కష్టపడి నల్లమలకు వెళ్ళడం మనకు కొత్తకాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక ప్రకరణాన్ని శ్రీశైలానికే యిచ్చాడు. వూరికే పర్వతమంటే చాలు, శ్రీశైలమని అర్థం. పదునాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా వచ్చే కాలిదారిన యిప్పటికీ ఉగాదికి ముందు కన్నడ యాత్రికులు వేలకొద్దీ నడిచి వస్తారు. ఘాట్ రోడ్డు పడక పూర్వం అందరికీ నడకే గతి. శ్రీశైలయాత్రకు బయలుదేరేవారు యింటి బాధ్యతలు ఒకరికి అప్పజెప్పి మరీ కదిలేవారని మా పెద్దమ్మే చెప్పింది.

ఆ అడవి యీనాడు పులుల అభయారణ్యం. 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. అప్పుడు దాని వైశాల్యం 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కృష్ణకు ఆవలిగట్టు భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. యివతలిది నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతో ఆంధ్రలో మిగిలింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 లెక్కకు 48 పులులు, 2022 లెక్కకు 63. అందుచేత యీ బాటకు కట్టుబాట్లు వున్నాయి. సొంత బండ్లను రానివ్వరు. అనుమతి వున్న జీపులే, రోజుకు యిన్ని అని లెక్క ప్రకారం పోతాయి. జులై నుంచి సెప్టెంబరు దాకా మూడు నెలలు అసలే లేదు.

మా జీపులో మాతోపాటు హైదరాబాదు నుంచి వచ్చిన దంపతులు కూడా యెక్కారు. ఆయన కాంట్రాక్టులు చేస్తారట. మంచి మనిషి. మా పెద్దమ్మను ముందు సీటులో కూర్చోబెట్టమని మొదట అన్నది ఆయనే. మేమందరమూ వెనక యెదురెదురు బల్లల మీద సర్దుకొన్నాము. డ్రైవరు ముప్ఫై యేళ్ళవాడు, సన్నగా వున్నాడు. అందరినీ ఒకసారి పరిశీలనగా చూచి, "నడుమునొప్పి వున్నోళ్ళు యిప్పుడే చెప్పండి సార్, మధ్యలో చెబితే దింపను," అన్నాడు. యెవరమూ మాట్లాడలేదు. కాంట్రాక్టరుగారి భార్య మాత్రం ఆయన వైపు ఒక చూపు చూచింది.

1941లో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి జీపు. 1947లో మహీంద్రావారు విడిభాగాలు తెప్పించి మనదేశంలో దానిని కూర్చడం మొదలుపెట్టారు. అప్పటినుంచి మనకు జీపు అంటే తహసీల్దారుగారు, పోలీసులు, ఎన్నికల ప్రచారం, పెళ్ళివారి తరలింపు. యిరవైమందిని యెక్కించుకొని మట్టిరోడ్ల మీద పోయే జీపును చూచి, దాని గొప్ప అంతే అనుకొన్నాము. దాని అసలు విద్య తారురోడ్డు దిగిన తరువాత కాని తెలియదు.

తారురోడ్డు వదలగానే డ్రైవరు బండి ఆపి, గేరు కఱ్ఱ పక్కన వున్న చిన్న కఱ్ఱను లాగాడు. మా అబ్బాయి వెంటనే వెనకనుంచి తల ముందుకు చాచాడు. అదేమిటన్నా అని అడిగితే అతను ఓపికగా చెప్పాడు. నాకు అర్థమైనంతవరకు సంగతి యిది. మామూలు జీపులో యింజను బలం వెనక చక్రాలకే పోతుంది, ముందు చక్రాలు వూరికే దొర్లుతాయి. ఆ కఱ్ఱ లాగితే ముందువాటికీ బలం అందుతుంది. యింకొంచెం లాగితే "లో". అప్పుడు చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, యెంత నెమ్మదిస్తే అంత బలం పెరుగుతుంది. అంటే మన వేగాన్ని అమ్మి బలాన్ని కొనుక్కొంటామన్నమాట.

"మరి యెప్పుడూ అలాగే వుంచవచ్చు కదా?" అన్నాడు మావాడు.

"తారు మీద వుంచితే గేర్లు పట్టేస్తాయి తమ్ముడూ. మలుపులో ముందు చక్రాలు ఒక లెక్క తిరగాలి, వెనకవి ఒక లెక్క. మట్టి మీదయితే చక్రం కాస్త జారి సర్దుకొంటది. తారు మీద యెక్కడ జారుద్ది?"

పదిహేనేళ్ళుగా కారు నడుపుతున్న నాకు యీ మాట కొత్త. కాలేజీలో ఫిజిక్సు చెప్పే మా మిత్రుడు కూడా యింత సులువుగా చెప్పలేడని అనుకొన్నాను.

మొదటి అరగంట యెర్రమట్టి బాట. చెట్లు యింకా పూర్తిగా ఆకు రాల్చలేదు. నల్లమద్ది, యేగిస, తుమికి, మధ్యమధ్య తెల్లని నున్నని బెరడుతో తపసిచెట్లు. ఆ తపసి జిగురును చెంచులు సేకరించి అమ్ముతారు. మోదుగ అప్పుడే మొగ్గ తొడుగుతున్నది. వెదురుపొదలు రెండు వైపులనుంచీ వంగి జీపు పైకప్పును గీరుతుంటే వెనక కూర్చున్నవారము చేతులు లోపల పెట్టుకొన్నాము.

తరువాత రాళ్ళు మొదలయ్యాయి. వాటిని రాళ్ళనడం అన్యాయం. కొన్ని బల్లపరుపుగా, మెట్లుమెట్లుగా, పలకలు పేర్చినట్లు వున్నాయి. కొన్ని విడిగా, ఒక్కొక్కటి కుండంత, గంపంత వున్నాయి. మామూలుగా మనమయితే పెద్దరాయి వస్తే రెండు చక్రాల మధ్యకు తీసుకొంటాము. అతడు సరిగ్గా చక్రాన్నే రాయి మీదకు యెక్కించాడు. యెందుకయ్యా అంటే, బండి క్రింద, యిరుసు మధ్యలో గేర్లుండే గుండు ఒకటి వేలాడుతుందట. బండి మొత్తం మీద నేలకు దగ్గరగా వుండేది అదే. రాయిని మధ్యకు తీసుకొంటే ముందుగా పగిలేది అదేనట. టైరుకు దెబ్బ తగిలినా పోయేది టైరే.

మరొక సంగతి మా పెద్దమ్మ కనిపెట్టింది. అతడు స్టీరింగును పట్టుకొన్నప్పుడు బొటనవేళ్ళు లోపలకు పోనివ్వడం లేదు, చక్రం అంచు మీదనే ఆనించి వుంచుతున్నాడు.

"అదేం పట్టు నాయనా, జారిపోదూ?" అన్నది.

"రాయి తగిలితే స్టీరింగు గిర్రున తిరుగుతాది పెద్దమ్మా. లోపల వేలుంటే విరుగుద్ది. మా అన్నకు విరిగింది."

యెక్కడం అయిన తరువాత దిగడం వచ్చింది. నిటారుగా దిగే పల్లంలో అతడు బ్రేకు మీద కాలే వేయలేదు. మొదటి గేరులో, "లో"లో పెట్టి, బండిని యింజను పట్టుమీదనే వదిలాడు. జీపు ముసలి ఆవులాగా, ఒక్కొక్క అడుగూ ఆలోచించి వేసినట్లు దిగింది. బ్రేకు నొక్కితే చక్రం బిగిసిపోయి బండి జారుతుందట. ఒకచోట వెనక చక్రం ఒకటి గాలిలోకి లేచి, వూరికే గిరగిర తిరిగింది. రెండో చక్రం కదలలేదు. కాంట్రాక్టరుగారి భార్య అప్పటికే "అమ్మా, తల్లీ!" అని దండకం మొదలుపెట్టింది. గాలిలో వున్న చక్రానికే బలమంతా పోయే గుణం ఆ డిఫరెన్షియల్‌కు వున్నదట. అటువంటప్పుడే ముందు చక్రాలు ఆదుకొంటాయి. ముందువి పట్టి లాగాయి. బండి మెల్లగా బయటపడింది. ఫోర్‌వీల్ యెందుకో మావాడికి మళ్ళీ యెవరూ చెప్పనక్కర లేకపోయింది.

వాగు దగ్గర డ్రైవరు దిగి, పంట్లాం మడిచి, ముందు తాను నడిచి చూచి వచ్చాడు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. అయినా చూడకుండా దింపనన్నాడు. వాగు యివతల ఒడ్డున బురదగుంట ఒకటి వున్నది. దానిని తప్పించి పక్కనుంచి పోవడానికి చోటుంది కదా అని కాంట్రాక్టరుగారు అన్నారు.

"పోవచ్చు సార్. నేను పక్కనుంచి పోతే రేపొచ్చేటోడు దాని పక్కనుంచి పోతాడు. యేడాదికి బాట యిల్లంత వెడల్పవుతాది. పాత జాడలోనే పోవాల," అన్నాడు డ్రైవరు.

అక్కడే తడి యిసుకలో ఒక జాడ చూపించాడు. నా అరచేయి అంత వున్నది. నాలుగు వేళ్ళు, వెనక మెత్తని మడమ. గోళ్ళ గుర్తులు లేవు. గోళ్ళు కనిపించలేదు కనుక కుక్కజాతి కాదు, పెద్దపులే, నిన్నటిది అన్నాడు. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న వాళ్ళందరమూ దాదాపు పది నిమిషాలు మాట్లాడలేదు.

గంటకు పైగా అట్లా సాగి, జీపు ఒకచోట ఆగింది. అక్కడినుంచి కొంతదూరం నడక. మా పెద్దమ్మ చేతికఱ్ఱ ఆనించుకొంటూ మా అందరికంటే ముందు నడిచింది.

గుడి అంటే గోపురం, ప్రాకారం వూహించుకొని వెళ్ళేవారు నిరాశపడతారు. చాలా చిన్నది. వంగి లోపలకు పోవాలి. గుహలో వున్నట్లుంటుంది. నూనెదీపం తప్ప మరో వెలుగు లేదు. కళ్ళు ఆ చీకటికి అలవాటుపడిన తరువాత అమ్మవారు కనిపిస్తుంది. నాలుగు చేతులు. రెండింట తామరమొగ్గలు, ఒకదానిలో జపమాల, మరొకదానిలో శివలింగం. పూజ చేసేవారు చెంచులు. యీ కొండలలో అది వింత కాదు. శ్రీశైలనాథుణ్ణి చెంచు మల్లయ్య అంటారు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టాడంటారు. దేవుళ్ళతో వారి చుట్టరికం మనకంటే పాతది.

పెద్దమ్మ బొట్టు పెట్టి, చాలాసేపు అలాగే వుండిపోయింది. బయటకు వచ్చాక, "మెత్తగా వుందా?" అని అడిగాను.

"నన్నెందుకు అడుగుతావురా? వెళ్ళి పెట్టుకొని చూడు," అన్నది.

నేనూ పెట్టాను. అది యెలా వున్నదో వ్రాయను. కుంకుమా, నూనే యెంతకాలంగానో యింకిన ఆ నుదురును తాకి చూచిన వారందరూ తలకొక మాట చెబుతారు. మా యింట్లోనే నలుగురికి నాలుగు మాటలున్నాయి.

గుడి బయట బండ మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పినప్పుడు ఖాకీచొక్కా తొడుక్కొన్న చెంచు వాచరు ఒకాయన వచ్చి మా దగ్గర కూర్చున్నాడు. అడవిలో వాచర్లుగా పనిచేస్తున్నవారిలో చెంచులు చాలామంది వున్నారు. పులి జాడను వారికంటే బాగా చదివేవారు యెవరు? కాంట్రాక్టరుగారికి వుండబట్టలేదు. దారి పొడుగునా ఆయన మనస్సులో రోడ్డు వేస్తూనే వున్నారు. యిక్కడ ఒక కల్వర్టు, అక్కడ ఒక గోడ, యిన్ని కిలోమీటర్లకు యింత అని లెక్క కూడా తేల్చారు.

"తారు వేస్తే అరగంటలో వచ్చి పోవచ్చు. రోజుకు వేలమంది వస్తారు. మీకే కదా నాలుగు డబ్బులు?" అన్నారు వాచరుతో.

అతడు వెంటనే జవాబు చెప్పలేదు. పులిహోర తినడం ముగించి, ఆకు మడిచి, అప్పుడు అన్నాడు: "రోడ్డు పడితే మీరొస్తారు సార్. మీరొచ్చేదానికి యీ బాట చాలు. వానాకాలం మూడు నెలలు జీపులు రావు. వాగులు పొంగుతాయి. అప్పుడు మా గూడెంలో ఆడమనిషికి నొప్పులొస్తే డోలీ గట్టి మోసుకొస్తాం, తారురోడ్డు దాకా. ఆ మూడు నెలలూ ఒక జీపు, ఒక డ్రైవరు మాకోసం వుంటే చాలు."

అతని గూడెం ఆ బాటకు ఆవల, యింకా లోపల వున్నది. కాంట్రాక్టరుగారు తల వూపారు కాని, "రోడ్డే వుంటే డోలీ యెందుకు?" అని మెల్లగా అన్నారు. ఆ మాటను తోసివేయడం నాకు చేతకాలేదు. పట్నంలో కూర్చుని, అడవి అడవిలాగే వుండాలని అనడం సులభం. డోలీ మోసేవాడు నేను కాదు.

అయినా తారురోడ్డు వేయకూడదనే నా అభిప్రాయం. డోర్నాల-శ్రీశైలం రోడ్డు తారురోడ్డే. రాత్రి 9 గంటలనుంచి తెల్లవారి 6 గంటల దాకా దానిమీద బండ్లు తిరగనివ్వరు. వేగంగా పోయే బండికీ, రాత్రిపూట రోడ్డు దాటే జంతువుకూ పొత్తు కుదరదు. జీపు బాట మీద ఆ తగాదా లేదు. మనిషి నడకకంటే కాస్త వేగంగా పోయే బండిని చూచి దుప్పి తీరికగా తప్పుకొంటుంది. మేము చూచిన దుప్పి ఒకటి తప్పుకోలేదు కూడా, మేమే ఆగాము. అరగంటలో వచ్చిపోయే రోజున వేలమంది వస్తారని కాంట్రాక్టరుగారు చెప్పింది నిజమే. ఆ వేలమంది వెంట వచ్చే హోటళ్ళూ, కొబ్బరికాయల దుకాణాలూ, మైకులూ కూడా నిజమే. కాని బాటను బాటగా వుంచాలంటే, వానాకాలపు జీపు మాట కూడా దానితోపాటే అనాలి. ఒకటి అని రెండోది వదిలేయడం ధర్మం కాదు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. ముందుగా అటవీశాఖవారిని విచారించుకోండి. ఒక్కొక్కప్పుడు అనుమతులు ఆపివేస్తారు. ఉదయమే వెళ్ళడం మంచిది. గర్భిణులూ, వెన్నునొప్పి వున్నవారూ ఆ మొక్కు మరో విధంగా తీర్చుకోవడం మేలు. కడుపునిండా తిని జీపు యెక్కవద్దు. మంచినీళ్ళు తీసుకువెళ్ళండి, సీసాలు తిరిగి తెచ్చుకోండి. పిల్లలు కోతులకు తిండి విసరకుండా చూసుకోండి. డ్రైవరు పక్కన సీటు దొరికితే వదులుకోకండి. వెనక బల్లకంటే అక్కడ కుదుపు సగం.

తిరుగుదారిలో కాంట్రాక్టరుగారు లెక్కలు మానేసి నిద్రపోయారు. ఆ కుదుపులో నిద్ర యెలా పట్టిందో ఆయనకే తెలియాలి. నేను ముందుకు వంగి డ్రైవరును అడిగాను, వానాకాలంలో యెవరైనా పిలిస్తే యీ బాటన వస్తావా అని.

"పర్మిషనిస్తే వస్తా సార్. పోయినేడు రెండుసార్లు వచ్చినా. ఒకసారి వాగు కాడ రాత్రంతా కూర్చున్నాం. నీళ్ళు తగ్గలా."

"బండిలో యెవరున్నారు?"

"నిండు మనిషి, వాళ్ళమ్మ, మొగుడు. తెల్లారుజామున నీళ్ళు మోకాలికి దిగినాయి. నడిచి చూసి దాటించినా. ఆస్పత్రి చేరినాక ఆడపిల్ల."

మా పెద్దమ్మ అంతా వింటున్నదని నాకు అప్పటిదాకా తెలియదు. కొంగు ముడి విప్పి, గుళ్ళో యివ్వగా మిగిలిన నోట్లు అతని చేతిలో పెట్టబోయింది. అతడు స్టీరింగు వదలకుండానే తల అడ్డంగా తిప్పాడు. "యిప్పుడొద్దు పెద్దమ్మా, రాళ్ళున్నాయి," అన్నాడు.

తారురోడ్డు యెక్కగానే బండి ఆపి చిన్న కఱ్ఱను వెనక్కు తోసేశాడు. అప్పుడు పుచ్చుకొన్నాడు.